చీరాల నేతయు దాని పోగుల సంబంధమును

ఒక వస్తువును భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమును చక్కగా పరీక్షించినయెడల ఆ వస్తువు సంపూర్ణముగా తెలిసినదని తలచుట విద్యావంతులలో గూడ తఱచుగా కనబడుచున్నది. గడియారము విషయమున నీ పద్ధతి చెల్లును. చక్రములను విప్పి, తుడిచి, మరల కూర్చినయెడల గడియారము నడచును. కాని ఊరు గడియారము కాదు. ఊరిలోని వృత్తులు, ధరలు, పన్నులు, వానలు, అప్పులు ఒకదాని నొకటి కదలించుచు, ఒకదానిచేత నొకటి కదలింపబడుచు నుండును. ఒకచోట చేసిన మార్పు మఱియొకచోట, ఒక్కొక్కప్పుడు చాలకాలము గడచిన పిమ్మట, ఫలించును. బాధ కనబడినచోటనే కారణమును వెదకువారు తఱచుగా నిరపరాధులనే దోషులుగా నెంచుదురు. ఈ సత్యమును గ్రహించుటకు దూరదేశముల గ్రంథములకై పోనక్కఱలేదు. మన చీరాల నేతపని చరిత్రయే చాలును. దానిని చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

చీరాల బంగాళాఖాతపు తీరమునకు సమీపమున నున్న పట్టణము. ఒకనాడు గుంటూరు జిల్లాలోనిదై, 1970లో ఒంగోలు కేంద్రముగా నేర్పడి పిదప ప్రకాశము పేరు పొందిన జిల్లాలో చేరి, 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. తూర్పున ఇసుకనేలలు, పడమట పత్తియు, మిఱపయు, పొగాకును పండు మెట్టపొలములు. కృష్ణానది నుండి వచ్చు కొమ్మమూరు కాలువ పెదగంజాముకడ బకింగుహాము కాలువతో కలియును. పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి బెజవాడ నుండి మద్రాసునకు పోవు రైలు చీరాల మీదుగా నడువసాగెను. ఇట్లు పత్తి యొకవైపు, రంగునకు వలయు వేరు మఱియొకవైపు, సరకును దాటించు దారి వేఱొకవైపు నుండి వచ్చి కలసినచోట మగ్గము వెలసెను. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెము మొదలగు ఊళ్లు నేతతోనే పెరిగినవి.

ఈ కలయిక నేటిది కాదు. చీరాలకు దక్షిణముగా సముద్రపుటొడ్డున మోటుపల్లి కలదు. కాకతీయ గణపతిదేవుడు అచ్చట వేయించిన అభయశాసనము 1244–45 నాటిది. ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినయెడల దానిని రాజులు స్వాధీనము చేసికొనుట పూర్వాచారము. గణపతిదేవు డా యాచారమును మాన్పి, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే గైకొందునని సముద్రవర్తకులకు అభయ మిచ్చెను. పగిలిన ఓడ యొక్కటే కంటికి కనబడువానికి ఆ సరకు చేతికి దొరకిన లాభము. ఆ భయముచే రాకపోవు నూఱు ఓడలను గూడ నూహింపగలవానికి అది నష్టము. ఆ శతాబ్దాంతమున ఈ తీరమును వర్ణించిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో, ఇచ్చటి సన్నని వస్త్రములను సాలీని గూటితో పోల్చెను. ఆ వస్త్రమునకు మగ్గ మెంత కారణమో, ఆ శాసనమును అంత కారణమే యని మా తలంపు. వర్తకుడు రానిదే నేతగాని పని సాగదు గదా!

ఇక మగ్గమున్న యింటిలోనికి పోయి చూతము. బట్టను నేయువాడు మగ్గముకడ గూర్చున్న పురుషు డొక్కడే యని బయటివారు తలతురు. నిజమునకు ఆ యింటిలో పనిలేని చేయి లేదు. చిలపలుగా వచ్చిన నూలును తడిపి, రాట్నముపై కండెలు చుట్టువారు స్త్రీలును, వృద్ధులును, పిల్లలును. ఆసు పోయుటయు తఱచుగా స్త్రీల పనియే. పడుగునకు గంజి పట్టించుట ఇంటిలో సాగునది కాదు. తెల్లవాఱుజామున వీధి పొడవునను పడుగును చాచి, ఇరుగుపొరుగువారు సాయముపట్టగా, ఎండ ముదురకముందే ముగింపవలెను. ఎండ తీవ్రమైన పోగు పెళుసగును. వాన కురిసిన గంజి నిలువదు. నేలలో త్రవ్విన గుంటలో కాళ్లుంచి నేయు గుంటమగ్గమునకు నేలతేమ మేలు చేయును. ఆ తేమయే మితిమీరి గుంటలో నీ రూరినయెడల పని నిలిచిపోవును. కావున వీధియు పనిముట్టే, పొరుగువాడును పనిముట్టే, ఆకాశమును పనిముట్టే. పురుషుడు నేసిన గజముల లెక్కమాత్రమే వ్రాసికొని, తక్కిన చేతుల లెక్క వ్రాయనివాడు నేతపనిని ఎఱిగినవాడు కాడు. మన ప్రభుత్వములును, సంఘములును చిరకాలము ఈ లెక్కనే మఱచినవి.

రంగు విషయము ఇంతకంటెను విచిత్రమైనది. తీరపు ఇసుకనేలలలో పెరుగు చిరివేరు మన పూర్వుల ఎఱుపునకు మూలము. అయినను వేరును నీటిలో కాచి నూలును ముంచిన మాత్రమున చెరగని ఎఱుపు రాదు. ముందుగా నూలును నూనెలోను, బూడిదనీటిలోను పలుమాఱులు నానబెట్టి యారవేయవలెను, పటిక పట్టింపవలెను, నీటిలో సున్నపుపాలు తగినంత యుండవలెను. అప్పుడే వేరులోని రంగు నూలును గట్టిగా పట్టుకొనును. పటికకు మాఱుగా ఇనుము చేరిన ఎఱుపు నలుపువైపునకు తిరుగును. ఎఱుపు వేరులో మాత్రమే లేదు, పటికలోను లేదు, సున్నములోను లేదు. అన్నియు తగుపాళ్లలో కలసినప్పుడే అది పుట్టుచున్నది. ఒక్కొక్క పదార్థమును ఎంత శ్రద్ధతో పరీక్షించినను దానిలో ఆ ఎఱుపు కనబడదు. ఊరి సౌభాగ్యమును నిట్టిదే.

ఇప్పుడు పరదేశములం దెక్కడనో జరిగినది మన వీధిలో నెట్లు ఫలించెనో చూడవలెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధ మారంభమయ్యెను. అచ్చటి దక్షిణ రాష్ట్రముల పత్తి ఇంగ్లండునకు పోవుట నిలిచెను. లాంకషైరు మిల్లులు హిందూదేశపు పత్తికై ఎగబడెను. మన మెట్టనేలలలో పండి ‘కోకనాడ’ పేరుతో విక్రయింపబడుచుండిన పత్తికి వెల అమితముగా పెరిగెను. పత్తి పండించిన రైతునకు అది పండుగ. ఆ పత్తిపై నాధారపడిన నేతగానికి అది గండము. పత్తి ప్రియమయ్యెను, నూలు ప్రియమయ్యెను, కట్టుబట్ట కొనువాని యాదాయము మాత్రము అట్లు పెరుగలేదు. ఒకే యూరిలో, ఒకే యేట, ఒకే కారణముచేత ఒకడు బాగుపడి, మఱియొకడు చెడెను. 1865లో యుద్ధము ముగిసెను, పత్తివెల పడిపోయెను, అధిక ధరను నమ్మి అప్పు చేసిన రైతును అప్పుడు చిక్కులో పడెను. ఆ రైతుగాని, ఆ నేతగాడుగాని అమెరికాలోని బానిసత్వమునకు కర్తలు కారు. అయినను దాని ఫలమునం దిరువురకును పాలు దక్కెను.

1876–78 సంవత్సరముల మహాక్షామము మఱియొక పాఠము నేర్పినది. కఱవు పొలమునకు గదా, మగ్గమున కేమని పలువురు తలచిరి. కాని గింజలు తగ్గినప్పుడు రైతు మొట్టమొదట మానుకొనునది క్రొత్తబట్ట. ప్రాతబట్టకు మాసిక వేసికొని ఏడాది గడపవచ్చును. అన్నము లేక గడపరాదు. కావున నేతగానికి ఒకే కాలమున బేరము తగ్గెను, బియ్యపు ధర హెచ్చెను. వాన కురిసిన వెంటనే రైతునకు ఆశ చిగురించును. నేతగానికి ఆ రైతు పంట ఇల్లు చేరి, అప్పు తీఱి, చేతిలో నాలుగు రూకలు మిగులువఱకు ఆశ లేదు. వాని కఱవు ఆలస్యముగా ముగియును. రాళ్లు కొట్టు పనికి వానిని పంపినయెడల సన్నపు పోగును పట్టు వ్రేళ్లు మొద్దువాఱును. కఱవు తీఱిన పిమ్మట గూడ వానికి వృత్తి యుండదు. ఈ సంగతి గ్రహించి చెన్నపురి రాజధానిలో కొన్నిచోట్ల నేతవారికి నూలిచ్చి, బట్ట గైకొను సహాయపద్ధతి నవలంబించిరి. అది దయ మాత్రమే కాదు, వివేకము. ఏ భాగమునకు ఏ విధముగా సాయము చేయవలెనో తెలిసినప్పుడే సాయము సాయమగును.

రంగు కథకు మరల వత్తము. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞులు చిరివేరులోను మంజిష్ఠజాతి వేళ్లలోను నుండు ఎఱుపుసారమును బొగ్గుతారునుండి తయారు చేయు విధమును కనుగొనిరి. కొలది యేండ్లలో ఆ రంగు లోకమంతటను వ్యాపించెను. అద్దకపువానికి పని సుళువయ్యెను. కాని వేరు త్రవ్వి తెచ్చి బ్రతుకువారు జీవనము పోగొట్టుకొనిరి. ఇసుకనేలకు విలువ తగ్గెను. ఏ నేల వేరు ఏ నీటిలో ఎట్లు పలుకునో యెఱిగిన వృద్ధుల విద్య ఎవ్వరికిని అక్కఱలేనిదయ్యెను. అయినను చీరాలవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆముదపుకాయల బూడిదతోను, నూనెతోను నూలును సిద్ధపఱచు పాతపద్ధతికి క్రొత్త ఎఱుపును జోడించిరి. కట్టి యద్దిన ఎఱుపు, నలుపు, తెలుపు పోగులతో చతురపు రుమాళ్లు నేసిరి. నూనెవాసన గల ఆ తేలియా రుమాళ్లు ఏడెను, అరేబియా, పారసీక సింధుశాఖా తీరములకు పోయి, అచ్చటివారి తలపాగలయ్యెను.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. పాతకాలపు రంగు చుట్టుప్రక్కల నేలనుండియే వచ్చుచుండెను. క్రొత్తరంగు జర్మనీ నుండి వచ్చుచుండెను. బేరము వృద్ధియైనంతకాలము ఈ భేదము నెవ్వరును గమనింపలేదు. 1914లో యుద్ధము రాగా జర్మను రంగుల రాకడ నిలిచెను. ఉన్న రంగునకు వెల పలు రెట్లు పెరిగెను. అప్పుడు వేరును తెత్తమన్న త్రవ్వువారు లేరు, త్రవ్వు విద్యయు లేదు. సుళువైన దారి యొకటి దొరకినదని పాతదారిని ముండ్లతో మూసివేసినవానికి, ఆ సుళువుదారి తెగిననాడు నిలుచుట తప్ప గత్యంతరము లేదు. రుమాలు విద్య పిదప చీరాలలో క్షీణించి, నేడు ముఖ్యముగా తెలంగాణములోని పుట్టపాకలో నిలిచియున్నది; 2020లో ఆ యూరి పేరనే దానికి భౌగోళిక గుర్తింపు లభించినది.

1921 నాటి చీరాల–పేరాల ఉద్యమము మన చరిత్రలో ప్రసిద్ధము. దానిని దేశభక్తి గాథగా మాత్రమే చెప్పుట వాడుక. మేము దానిని వేఱొకవైపునుండి చూడగోరుచున్నాము. అంతవఱకు యూనియనుగా నుండిన చీరాల, పేరాలలను 1919–20 ప్రాంతమున ప్రభుత్వము పురపాలక సంఘముగా మార్చెను. దీపములు, పారిశుద్ధ్యము, మంచినీరు, వైద్యము, వీటిలో చెడ్డ దేదియు లేదు. కాని వానికై విధింపవలసిన పన్నులు పూర్వపు పన్నుల కంటె ఎన్నో రెట్లు అధికములు. ఆ జనులలో పెక్కుమంది పేద నేతవారును, చిన్న రైతులును. ఇంటిపన్ను వేయు నుద్యోగికి ఇల్లు నివాసము. నేతవానికి ఇల్లు కర్మాగారము. ఒక యింటిపై వేసిన పన్ను వాని కూటిపైన, నూలుపైన, షావుకారుకడ నున్న అప్పుపైన ఒక్కసారిగా పడెను. ప్రతి సౌకర్యమును వేఱువేఱుగ చూచిన మంచిదే; అన్నియు కలసి ఆ యూరు మోయరాని బరువయ్యెను.

ఎడింబరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆ జనులకు నాయకులైరి. 1921 ఏప్రిలు 6వ తేదీని గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, శాంతముతో పన్నులు నిరాకరించుటగాని, ఊరు విడిచిపోవుటగాని చేయవచ్చునని చెప్పెను. సుమారు 15,000 జనులలో అత్యధికసంఖ్యాకులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేరుతో పాకలు వేసికొనిరి. సుమారు పదునొకండు మాసము లట్లుండిరి. ఇదియెంత కష్టమో మగ్గము నెఱిగినవారికి తెలియును. గుంటమగ్గము నెత్తిన పెట్టుకొని పోదగినది కాదు. తాటాకు పాకలో ఎండకు పోగు పెళుసగును. వానకు గుంట నిండును. గోపాలకృష్ణయ్యగారు ఆ సంవత్సరమే చెఱసాలకు పోయిరి. 1922లో జనులు తిరిగి ఇండ్లు చేరిరి. వారి ధైర్యమును ఎంత కొనియాడినను తక్కువయే. అయితే పాలకులు ముందుగా నొక నేతయింటి రాబడిపోకడలను కూలంకషముగా విచారించి, పన్ను ఎక్కడ తగిలి ఎక్కడ నొచ్చునో తెలిసికొనియుండిన, వేలకొలది కుటుంబము లట్లు తీరపు టెండలో నుండవలసివచ్చెడిదా? ఏడువందల యేండ్లకు పూర్వము మోటుపల్లిలో నొక రాజు చేసిన విచారము, ఇరువదవ శతాబ్దమున అంత చేరువనే చేయబడలేదు.

ఇచ్చట కొంద ఱొక యాక్షేపణ చేయుదురు. “ఈ సంబంధము లన్నియు నెందుకు? మిల్లు వచ్చినది, మగ్గము చెడినది, కథ ఇంతే” యందురు. మేము దీని నంగీకరింపలేము. మిల్లు రెండు పనులు చేసినది. మిల్లుబట్ట మగ్గపుబట్టతో పోటీపడినది నిజమే. కాని అంతకు ముందే మిల్లునూలు ఇంటింట రాట్నము త్రిప్పు స్త్రీల జీవనమును హరించినది; ఆ మిల్లునూలే చౌకగా, సమముగా దొరకుటచేత మగ్గమును చాలకాలము నిలబెట్టినది. ఒక చేత వడకుటను చంపి, మఱియొక చేత నేతను పోషించినది. పోషించిన చేయి ముడుచుకొన్ననాడేమగునో ఆలోచించినవారు కొలదిమంది. మిత్రుడు, శత్రువు అను రెండు గదులు మాత్రమే గల బుద్ధికి ఇట్టి సంబంధము గోచరింపదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము చేనేతకు సహకార సంఘములను, రక్షణలను కల్పించినది. వానిలో నొకటి నూలుమిల్లులు తమ నూలులో నియమితభాగమును చిలపలుగా కట్టవలెనను నిబంధన. మగ్గమునకు చిలపనూలు కావలెను. మరమగ్గమునకు చుట్టనూలు చాలును. చేనేతవారి మేలుకోరి చిలపనూలునకు సుంకపు మినహాయింపు నిచ్చిరి. ఫలితమేమయ్యెను? సుంకము లేని ఆ చిలపనూలును మరమగ్గములవారు గూడ కొనసాగిరి. చేనేతకై కట్టిన గట్టుకు గండి పడి నీరు పొరుగుచేనికి పాఱెను. 1985లో 22 రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించు చట్టము వచ్చెను. న్యాయస్థానములలో వివాదము నడచి, 1993లో గాని దానికి సుప్రీముకోర్టు ఆమోదము లభింపలేదు. 1996లో ఆ రకములు పదునొకండునకు తగ్గింపబడినవి. శాసన మొకచోట, దాని యమలు వేఱొకచోట, దాని ఫలము ఇంకొకచోట నుండెను.

ఇంతలో దేశమునుండి పత్తియు నూలును ఎగుమతియగుట హెచ్చెను. ఎగుమతి మంచిదే, దేశమునకు పరద్రవ్యము వచ్చును. కాని చిలపనూలు ధర మిక్కిలి పెరిగెను. షావుకారు నూలిచ్చుట తగ్గించెను. సహకార సంఘములకు చేతిలో పెట్టుబడి లేదు. అమ్ముడుపోని బట్ట నిలువయై యుండెను. నేతగానికి భూమి లేదు. వేఱు పని చేయు నలవాటు లేదు. 1991లో చీరాల ప్రాంతముతో గూడ మన తీరజిల్లాల నేతయూళ్లలో ఆకలిచావులు సంభవించినవి. అప్పుడు దేశమున బియ్యము లేకపోలేదు, పత్తి పండకపోలేదు, నూలు తయారు కాకపోలేదు, బట్టలు కట్టువారు లేకపోలేదు. ప్రతి భాగమును తన లెక్కలో తాను సరిగానే యుండెను. భాగమునకు భాగమునకు నడుమ నుండవలసిన కట్టు తెగెను. అన్నమును బట్టను సమృద్ధిగా గల దేశమున బట్ట నేయువాడు అన్నము లేక మరణించుటకంటె మనకు తలవంపు మఱియేమి కలదు!

చదువరులారా, ఈ చరిత్రను చెప్పుట నిట్టూర్పు విడుచుటకు కాదు. దీనినుండి చేయదగిన పనులు కొన్ని కలవు. ఏదేని సంస్కారము తలపెట్టునప్పుడు దాని మొదటి ఫలమును చూచి తృప్తినొందక, రెండవ ఫల మెవరి యింట, మూడవ ఫల మెప్పుడు కలుగునని విచారింపవలెను. మగ్గములు, నూలుధర, రంగుధర, బియ్యపుధర, మజూరి, అప్పు, వానదినములు, వీటిని వేఱువేఱు కచ్చేరీలలో వేఱువేఱు పుస్తకములలో గాక, ఊరికొక పుస్తకమున ప్రక్కప్రక్కన వ్రాయవలెను. నూలు ధర యేమాసమున పెరిగెనో, ఏమాసమున పిల్లలు బడి మానిరో రెండును ఒకే పుటలో నుండిన, అపాయము ముందుగనే కనబడును. చీరాల ప్రక్కనే వేటపాలెమున 1918లో స్థాపింపబడి, పాతపత్రికలను భద్రపఱచుచున్న సారస్వత నికేతనము కలదు. ఇట్టి పుస్తకమునకు అంతకంటె తగిన చోటు వేఱొకటి లేదు.

ఆ పుస్తకమును వ్రాయుటకు ముందు అడుగవలసినవారిని అడుగవలెను. కండె చుట్టు అవ్వకు ఈ యేటి నూలు ఎన్నిమాఱులు తెగుచున్నదో తెలియును. ఆసు పోయు ఇల్లాలికి మజూరి ఎన్నివారముల కొకసారి చేతి కందుచున్నదో తెలియును. అద్దకపువానికి బావినీరు ఉప్పెక్కినది తెలియును. వీరి తెలివి ఒక్కొక్క పోగు. రాజధానిలోని పండితుని తెలివియు నొక పోగే. అదియొక్కటే బట్ట కానేరదు. ఈ పోగులను కలిపి నేయు పనికి మన యువకులు పూనుకొందురుగాక యని కోరుచున్నాము. 1991లో మరణించినవారికి మనము తిరిగి ప్రాణ మీయలేము. మగ్గముకడ నేడును గూర్చున్నవారికి నూలెక్కడ తెగుచున్నదో చూచి, తెగకముందే ముడి వేయుట మాత్రము మన చేతిలో నున్న పనియే.